హోటల్ వెనక గేటు
(కాలనీవాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెలవు రోజు పనులు వదులుకుని ఇంతమంది వచ్చారంటే ఈ విషయం ఎన్ని ఇళ్ళలో నలుగుతోందో అర్థమవుతోంది. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

మన వీధి చివర ఖాళీ స్థలంలో రాబోయే హోటల్ గురించి పెట్టిన బోర్డు మీరందరూ చూసే ఉంటారు. పెద్ద బొమ్మ. సాయంత్రపు వెలుతురులో మెరిసిపోయే అద్దాల భవనం, ముందు రెండు వరసల చెట్లు, నవ్వుతూ నడిచే మనుషులు. ఆ బొమ్మలో మన ఇళ్ళు లేవు. ఇళ్ళు ఉండాల్సిన చోట లేత నీలం ఆకాశం వేశారు. నేను దాని ముందు నిలబడి, మా ఇల్లు ఎక్కడ రావాలా అని మూల నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. నా వేలు ఒక మబ్బు దగ్గర ఆగింది.

ఆ మర్నాడు వెళ్ళి ప్లాన్ కాపీ తెచ్చుకున్నాను. ముందు వైపు ఎలా ఉంటుందో చూపించే షీట్లు మూడు, మూడూ రంగుల్లో ఉన్నాయి. వెనక వైపుది ఒక్కటే, నలుపు తెలుపు. అందులో మన వెనక సందు వైపు చిన్న గీత, పక్కన సన్నటి అక్షరాల్లో రెండు మాటలు: సర్వీస్ గేటు. అంటే సరుకుల లారీలు, చెత్త బండ్లు వచ్చిపోయే దారి. ఇవాళ నేను మాట్లాడేదంతా దాదాపు ఆ గీత గురించే.

గదులు అద్దెకిచ్చే హోటల్ ఒక విచిత్రమైన భవనం. ఆఫీసు కట్టారనుకోండి, సాయంత్రానికి తాళం పడుతుంది. అపార్ట్‌మెంట్ కడితే, అందులో ఉండేవాళ్ళకీ మనలాగే రాత్రి నిద్ర కావాలి, పొద్దున పిల్లల్ని బడికి పంపాలి. వాళ్ళు పొరుగువాళ్ళవుతారు. హోటల్ అలా కాదు. అది ఏడాదిలో ఒక్క గంట కూడా మూతపడదు. అందులో పడుకునేవాళ్ళు రోజూ మారిపోతారు. వాళ్ళలో మంచివాళ్ళే ఎక్కువ, కానీ మన సందులో పసిబిడ్డ నిద్రపోతోందని వాళ్ళకి తెలిసే అవకాశం లేదు. పైగా హోటల్ తన అతిథుల నిద్ర చెడకుండా శబ్దం చేసే పనులన్నీ వెనక్కి నెడుతుంది. ముందు వైపు ఎంత ప్రశాంతంగా ఉంటే వెనక అంత సందడి. ఆ వెనక ఎవరి కిటికీ ఉందన్నదే మన ప్రశ్న.

ఇది ఊహించి చెప్పడం లేదు. ఇంచుమించు ఇంతే పెద్ద హోటల్ ఒకటి వేరే పేటలో ఉంటే, ఒక రాత్రి మా అబ్బాయిని తోడు తీసుకుని దాని వెనక గేటు ఎదురుగా నిలబడ్డాను. రెండింటి నుంచి ఐదింటి దాకా. మొదటి అరగంట ఏమీ లేదు, గోడ మీద పెద్ద ఫ్యాను రొద తప్ప. ఆ రొద ఎలా ఉంటుందంటే, కాసేపటికి వినపడటం మానేస్తుంది గానీ తల బరువెక్కుతుంది. రెండున్నర దాటాక ఒక లారీ వచ్చింది. సందులో తిరగడానికి చోటు లేక వెనక్కి నడుపుతూ లోపలికి పోయింది. వెనక్కి వచ్చేటప్పుడు మోగే ఆ బీప్ బీప్ మోత గోడకీ గోడకీ కొట్టుకుని రెండింతలవుతోంది. తర్వాత ఖాళీ సీసాల డబ్బా. ఎత్తి బండిలో కుమ్మరించారు. ఆ చప్పుడుకి ఎదురింటి మేడ మీద లైటు వెలిగింది. ఒక పెద్దావిడ కిటికీ తెర పక్కకి జరిపి చూసి, మళ్ళీ వేసేసింది. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. రోజూ లేచే వేళకే లేచినట్టు ఉంది ఆవిడ ముఖం. నేను ఇంటికొచ్చాక కూడా ఆ లైటే గుర్తొచ్చింది.

నాలుగింటికి ఉతికిన దుప్పట్ల బండి, ఆ వెనకే కూరగాయల బండి, ఆ తర్వాత షిఫ్టు మారే పనివాళ్ళ మోటారుసైకిళ్ళు. వీళ్ళెవరూ తప్పు చేయడం లేదు. వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు. తప్పు ఎక్కడుందంటే, గేటు ఎక్కడ పెట్టాలో గీత గీసిన రోజున ఆ పెద్దావిడ కిటికీ గురించి ఎవరూ అడగలేదు.

ఇక శబ్దం గురించి కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే ఈ హోటల్ అనుమతి మీద జరిగే విచారణలో మనల్ని తికమక పెట్టేది ఇక్కడే. హోటల్‌వాళ్ళు ఒక రిపోర్టు పెడతారు, అందులో డెసిబెల్స్, అంటే శబ్దాన్ని కొలిచే అంకెలు ఉంటాయి. డెసిబెల్ లెక్క మనం మామూలుగా కూడే లెక్క లాంటిది కాదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దంలోని శక్తి పది రెట్లవుతుంది, మన చెవికి సుమారు రెట్టింపుగా వినిపిస్తుంది. అందుకే 45 నుంచి 55కి పెరిగిందంటే ఏదో పది పెరిగిందిలే అనుకోకూడదు. ఒకే రకం యంత్రాలు రెండు పక్కపక్కన పెడితే ఒక్కదానికన్నా మూడు డెసిబెల్స్ ఎక్కువ, నాలుగు పెడితే ఆరు ఎక్కువ. టెర్రస్ మీద ఎన్ని ఏసీ యంత్రాలు పెడుతున్నారు, రిపోర్టులో ఎన్నిటికి లెక్క కట్టారు అన్నది మన మొదటి ప్రశ్న కావాలి.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం 2009లో రాత్రి శబ్దం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. రాత్రిపూట ఇళ్ళ బయట శబ్దం 40 డెసిబెల్స్ దాటకుండా ఉండాలని వాళ్ళ సూచన. అయితే అది ఏడాది పొడవునా రాత్రుల సగటు. సగటులో ఒక మాయ ఉంది. మూడు గంటల నిశ్శబ్దంలో ఒక్క సీసాల డబ్బా చప్పుడు కలిపితే సగటు పెద్దగా కదలదు. కానీ మనిషి లేచేది సగటుకి కాదు, ఆ ఒక్క చప్పుడుకి. అందుకని హోటల్‌వాళ్ళు సగటు చూపించినప్పుడు, అత్యధిక శబ్దం ఎంత, ఏ వేళలో, ఎవరి కిటికీ దగ్గర కొలిచారు అని అడగండి. పగలు పన్నెండింటికి వీధిలో కొలిచిన అంకె మనకి పనికిరాదు.

నీడ సంగతి క్లుప్తంగా. ప్లాన్‌లో నీడ ఎంత పడుతుందో బొమ్మ ఉంది, ఎండాకాలం మిట్టమధ్యాహ్నానిది. ఆ వేళ సూర్యుడు బాగా పైనుంటాడు కాబట్టి ఎంత ఎత్తు భవనానికైనా నీడ కాళ్ళ దగ్గరే ఉంటుంది. చలికాలం పొద్దునా సాయంత్రం నీడ బొమ్మలు కూడా ఇమ్మని రాతపూర్వకంగా అడిగాం.

తవ్వకం గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. రెండంతస్తుల సెల్లార్ చూపించారు. అంటే పక్కనున్న మన పాత ఇళ్ళ పునాదుల కన్నా చాలా కిందికి వెళతారు. అంత లోతులో నీళ్ళు తగిలితే మోటార్లు పెట్టి రేయింబవళ్ళు తోడతారు. అక్కడ తోడితే చుట్టుపక్కల భూమిలో నీటి మట్టం కూడా దిగుతుంది. నీళ్ళు దిగిన నేల కొద్దిగా కుంగుతుంది. ఇల్లంతా ఒకేలా కుంగితే పెద్దగా తెలియదు, ఒక మూల ఎక్కువ ఒక మూల తక్కువ కుంగితే గోడలు బీటలు వారతాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకే బీట చూశారంటే జాగ్రత్త పడాలి. అది చాలాసార్లు నేల కదిలిందనడానికి గుర్తు.

బీట వచ్చాక మనం వెళ్ళి చెబితే వాళ్ళేమంటారు? అది పాతదండీ, ఇల్లే పాతది అంటారు. కాదని నిరూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు. అందుకే ఈ వారంలోనే మొదలుపెట్టండి. ప్రతి గదీ, ప్రతి గోడా, కాంపౌండ్ గోడతో సహా, తేదీ పడేలా ఫోటోలు తీయండి. బీట ఉంటే పక్కన స్కేలు పెట్టి తీయండి. ఉన్న బీటల మీద అడ్డంగా సన్నటి గాజు పట్టీ అతికించి రెండు చివర్లా గట్టిగా ప్లాస్టర్ చేయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఇది మేస్త్రీలకి ఎప్పటినుంచో తెలిసిన పద్ధతి, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. దీంతో పాటు, పని మొదలుపెట్టేముందు చుట్టుపక్కల ఇళ్ళన్నిటినీ బయటి ఇంజనీరు చేత సర్వే చేయించి ఆ రిపోర్టు కాపీ ఇంటి యజమానికి ఇవ్వాలన్నది మన షరతుల్లో ఒకటి కావాలి.

ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే మాట. మనల్ని అభివృద్ధికి అడ్డుపడేవాళ్ళంటున్నారు. ఎక్కడైనా కట్టుకోండి గానీ మా పక్కన వద్దు అనే రకం అంటున్నారు. ఈ విమర్శని కొట్టిపారేయకూడదని నా అభిప్రాయం. నేనూ ప్రయాణాల్లో హోటళ్ళలోనే దిగుతాను. నేను దిగిన హోటల్ కూడా ఎవరో ఒకరి ఇంటి పక్కనే ఉండి ఉంటుంది. హోటల్ వస్తే ఉద్యోగాలు వస్తాయి, అదీ నిజమే. పోయిన మీటింగులో ఒకరు, ఎలాంటి మనుషులు వస్తారో ఏమో అన్నారు. ఆ మాట ఇంకెప్పుడూ అనవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ఎవరు వచ్చి గది తీసుకుంటారన్నది మన అభ్యంతరం కాకూడదు. అది న్యాయం కాదు, విచారణలో నిలబడదు, మన మిగతా మాటలకీ మచ్చ తెస్తుంది. మన అభ్యంతరం ఆ భవనం ఎత్తు మీద, లోతు మీద, వెనక గేటు మీద, రాత్రి వేళల మీద. వీటిలో ఏదీ అభివృద్ధికి వ్యతిరేకం కాదు.

ఇలాంటి గొడవ మనతో మొదలవలేదు. లండన్‌లో కోవెంట్ గార్డెన్ పేరు వినే ఉంటారు. అక్కడి పాత మార్కెట్‌ని వేరే చోటికి తరలించి, ఆ పేటలో చాలా భాగం కూలగొట్టి, పెద్ద రోడ్లు, సమావేశ కేంద్రం, హోటళ్ళు, ఆఫీసులు కట్టాలని 1968లో ప్లాన్ వేశారు. అక్కడ అద్దెకుండేవాళ్ళు, చిన్న పనులు చేసుకునేవాళ్ళు 1971లో ఒక సంఘం పెట్టుకుని ఎదురు నిలిచారు. 1973లో ప్రభుత్వం అక్కడి భవనాలు డజన్ల కొద్దీ రక్షిత జాబితాలో చేర్చడంతో ఆ ప్లాన్ ముందుకు సాగలేదు. మార్కెట్ మాత్రం 1974లో తరలిపోయింది. పాత భవనాలు నిలిచాయి. కథ అక్కడితో అయిపోలేదు. ఆ నిలిచిన భవనాలే అందంగా ఉన్నాయని లోకమంతా చూడటానికి వస్తోంది. ఇప్పుడు ఆ పేటవాళ్ళకి జనం రద్దీ, రాత్రి గోల, ఇంకో రకం తలనొప్పి. 1971 నాటి సంఘం ఇంకా పనిచేస్తూనే ఉంది. గెలిచాక కూడా కాపలా ఉండాల్సి వస్తుందని చెప్పడానికే ఇది గుర్తుచేశాను.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది సిడ్నీ కథ. 1971లో ఆ నగరంలో కెల్లీస్ బుష్ అనే చిన్న అడవి ముక్కని చదును చేసి ఖరీదైన ఇళ్ళు కట్టబోయారు. ఆ పేటలోని పదముగ్గురు ఆడవాళ్ళు తిరగని ఆఫీసు లేదు, కలవని నాయకుడు లేడు. ఎవరూ కదలకపోతే చివరికి భవన నిర్మాణ కార్మికుల సంఘం దగ్గరికి వెళ్ళారు. సుఖంగా బతికే ఇళ్ళ ఆడవాళ్ళు, కట్టడమే జీవనాధారమైన కూలీల సంఘం. ఒకరికొకరు ఎక్కడా పొంతన లేదు. సంఘం ఒక్క మాట అడిగింది: మీరు పదముగ్గురేనా, పేట అంతా ఇదే అంటోందా? బహిరంగ సభ పెట్టి చూపించండి. సభ పెట్టారు, వందల మంది వచ్చారు. అప్పుడు కూలీలు ఆ స్థలంలో పని చేయబోమన్నారు. కంపెనీ వేరే మనుషుల్ని పెట్టి కట్టిస్తానంటే, అదే కంపెనీకి ఇంకో చోట కడుతున్న ఆఫీసు భవనాన్ని సగంలో వదిలేస్తామని చెప్పారు. కెల్లీస్ బుష్ ఇప్పటికీ పచ్చగా ఉంది. జాక్ మండే అనే కార్మిక నాయకుడి ఆధ్వర్యంలో అలాంటి నిషేధాలు తర్వాత నలభైకి పైగా పెట్టారు. వాటికి గ్రీన్ బ్యాన్స్ అని పేరొచ్చింది. ఈ కథలో నన్ను కట్టిపడేసేది కూలీలు అడిగిన ఆ ప్రశ్న. విచారణ అధికారి కూడా మనల్ని అదే అడుగుతారు. మీరెంతమంది, మీలో అద్దెకుండేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, కొట్లు నడుపుకునేవాళ్ళు ఏమంటున్నారు? ఇవాళ ఈ గదిలో నేను చూస్తున్నవాళ్ళలో సొంత ఇళ్ళవాళ్ళే ఎక్కువ. అది మన లోపం. ఈ వారం సరిదిద్దుకోవాలి.

నగరాలు తమంతట తాము హోటళ్ళకి హద్దు గీసుకున్నవీ ఉన్నాయి. బార్సిలోనా 2015లో కొత్త బస లైసెన్సులు తాత్కాలికంగా ఆపేసి, 2017లో నగరాన్ని మండలాలుగా విడదీసింది. నడిబొడ్డున కొత్తవి రాకూడదు, శివార్లలో పరిమితంగా రావచ్చు అని నియమం పెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్ 2024లో ఇంకా గట్టిగా, ఒక హోటల్ మూతపడితేనే ఇంకొకటి కట్టాలి, పడకల సంఖ్య పెరగకూడదు అంది. మన చేతిలో అలాంటి నియమం లేదు. కానీ ఎవరైనా మనం అడిగేది అసాధ్యమంటే చెప్పడానికి ఇవి పనికొస్తాయి.

విచారణ అంటే ఏమిటో కూడా తెలిసి వెళ్ళాలి. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా రాసింది. అడుగు మెట్టు మీద జనాన్ని మభ్యపెట్టడం, పై మెట్టు మీద నిర్ణయం జనం చేతిలో ఉండటం. మధ్య మెట్లలో రెండు చెప్పడం, అడగడం. వాటిని ఆవిడ పేరుకి మాత్రమే భాగస్వామ్యం అంది. మనల్ని పిలిచి బొమ్మలు చూపించి పంపితే అది చెప్పడం. మన మాట రాసుకుంటే అది అడగడం. రాసుకున్న మాట వల్ల ప్లాన్‌లో ఒక్క గీతైనా మారితే అప్పుడు మనం ఒక మెట్టు ఎక్కినట్టు. నాకు కావాల్సింది ఆ గీత మారడం.

అందుకని ఉత్తరాల గురించి ఒక మాట. ఒకే కాగితం జిరాక్సు తీసి రెండొందల మంది సంతకం చేస్తే దాన్ని ఒక్క అభ్యంతరంగా లెక్కేసే ప్రమాదం ఉంది. సంతకాల కాగితం ఉండాలి, దాంతోపాటు ఎవరి కిటికీ నుంచి వాళ్ళు రాసిన ఉత్తరాలూ ఉండాలి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ళు తమ సంగతి రాయండి. చక్రాల కుర్చీలో అమ్మ ఉన్నవాళ్ళు, సందులో లారీ ఆగితే అంబులెన్సు ఎలా వస్తుందో రాయండి. నా ఇంటి ధర పడిపోతుంది అని మాత్రం రాయకండి, సాధారణంగా దాన్ని లెక్కలోకి తీసుకోరు. భవనం నచ్చలేదనీ రాయకండి.

నోటిమాటలు నమ్మవద్దు. ఇది నేను అనుభవంతో చెబుతున్నాను. ఇంతకుముందు నేనున్న వీధిలో ఇలాగే ఒక హోటల్ వచ్చింది. టెర్రస్ మీద పార్టీలు ఉండవని వాళ్ళ మనిషి మా వరండాలో కూర్చుని మాటిచ్చాడు. మర్యాదస్తుడు, మేమూ నమ్మాం. ఏడాది తిరక్కుండా టెర్రస్ మీద స్పీకర్లు మోగాయి. వెళ్ళి అడిగితే మేనేజర్ మారిపోయాడు, ఆ మాట సంగతి కొత్తాయనకి తెలియదు. అనుమతి పత్రం తీసి చూస్తే అందులో టెర్రస్ అన్న మాటే లేదు. మా నాన్నగారు ఆఖరి రోజుల్లో ఆ పాటలు వింటూ పడుకున్నారు. ఆ సంగతి నాకు ఇప్పటికీ గొంతులో అడ్డుపడుతుంది. కాబట్టి అనుమతి పత్రంలో రాని మాట మాటే కాదు.

ఇందాక చెప్పిన సర్వే కాక, రాయించాల్సినవి ఇవి. సర్వీస్ గేటు వెనక సందు నుంచి పెద్ద రోడ్డు వైపుకి మార్చాలి. అది కుదరదని తేలితే లారీలు రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా రాకూడదు, సీసాలూ చెత్తా లోపల మూసిన గదిలోనే ఎత్తాలి. జనరేటరుకీ ఏసీ యంత్రాలకీ శబ్దం ఆపే గోడ కట్టాలి, హోటల్ తెరిచాక మన కిటికీల దగ్గర మళ్ళీ కొలవాలి. టెర్రస్ మీద స్పీకర్లు ఉండకూడదు. కట్టేటప్పుడు పని వేళలు రాసి గేటుకి తగిలించాలి. వీటిలో మొదటిది, గేటు, మనకి ప్రాణం. మిగతా వాటిలో బేరాలు జరగొచ్చు, గేటు విషయంలో మాత్రం ఒక్క మెట్టు కూడా దిగవద్దు.

విచారణలో ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలే ఇస్తారు. అందరం అదే మాట చెప్పి అవి పాడుచేసుకోవద్దు. శబ్దం గురించి నేను మాట్లాడతాను. తవ్వకం గురించి మూడో ఇంటి ఇంజనీరుగారు ఒప్పుకున్నారు. సందు వెడల్పు నిన్న పిల్లలు టేపు పట్టుకుని నాలుగు చోట్ల కొలిచారు, ఆ కొలతల కాగితం వాళ్ళే చదువుతారు. చివర్లో మాట్లాడటానికి, ఆ గేటుకి సరిగ్గా ఎదురుగా కిటికీ ఉన్న అమ్మగారు వస్తానన్నారు. ఆవిడకి ఎనభై దాటాయి, మెట్లెక్కలేరు, తీసుకెళ్ళడానికి కారు కావాలి.

ప్లాన్ కాపీలు ఈ బల్ల మీద పెడుతున్నాను. వెనక వైపు షీటు పైనే ఉంది. వచ్చి మీ ఇల్లు ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పేరు రాసి వెళ్ళండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.